ఎలక కొరికిన అచ్చు

పెళ్ళయిన ఆడమనిషి పక్క తడుపుతుందంటే ఎవరికి చెప్పుకుంటుంది? నేనూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే సిగ్గు పోయి కాదు. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, రాత్రి బడిలో. నోటితో చెప్పాలంటే ఎదుటివాళ్ళ మొహం చూడాలి. కాగితానికి మొహం ఉండదు. అందుకని రాస్తున్నాను.

మా పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దాటాక. నన్ను పెదనలో అద్దకం పని చేసుకునే ఇంటికి ఇచ్చారు. అద్దకమంటే చెక్క అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద పూలూ, తీగలూ వెయ్యడం. అచ్చు వేసేది మా ఆయన. గుడ్డని గేదెపాలూ కరక్కాయ పొడీ కలిపిన నీళ్ళలో తడిపి ఆరెయ్యడం, రంగు పడ్డాక కాలవలో జాడించడం, కాగులో ఉడకేసి మళ్ళీ జాడించడం మా అత్తా నేనూ చేసేవాళ్ళం. అప్పటికి పెదన వీధుల్లో కరెంటు స్తంభాలు కొత్త. దీపాలు వెలిగినంతసేపు వెలిగి, టపటపా కొట్టుకుని ఆరిపోయేవి.

ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా ఏదో ఒకటి తడిగానే ఉండేది. పులిసిన పాలకంపు, కరక్కాయ కంపు గోడలకి పట్టేసి ఉండేది. ఆ ఇంటికి కోడలుగా రావడం నా అదృష్టమనుకున్నాను. నా తడి ఆ తడిలో కలిసిపోతుంది, నా కంపు ఆ కంపులో కలిసిపోతుంది.

రోజూ జరిగేది కాదు. ఒక్కోసారి నెల బాగానే పోయేది. ఒక్కోసారి వరసగా వచ్చేది. పొద్దున లేచేసరికి నాలుక పక్కన పుండు. ఒళ్ళంతా ఎవరో కర్రతో కొట్టినట్టు నొప్పులు. కింద చాప తడి. రాత్రి ఏం జరిగిందో నాకు తెలియదు. పడుకోవడం తెలుసు, లేవడం తెలుసు. మధ్యలో ఏమీ లేదు. కల కూడా లేదు. బావిలో చేంతాడు తెగిపోయినట్టు ఉండేది.

మా ఆయన ఆరేసిన గుడ్డలకి కాపలాగా వాకిట్లో పడుకునేవాడు, లోపల మా అత్తా నేనూ. ఎవరూ లేవకముందే చాపా, దుప్పటీ, చీరా చుట్టుకుని కాలవకి పోయి జాడించేసేదాన్ని. నాలుగు అద్దకపు గుడ్డలు కూడా పట్టుకెళ్ళేదాన్ని, ఎవరైనా చూస్తే పనికే వచ్చానని అనుకోవాలని. పక్కింటావిడ మా అత్తతో అనేది:

"మీ కోడలు కోడికంటే ముందు లేస్తుందొదినా. ఏం పెట్టి పెంచారో వాళ్ళు."

"ఆఁ, లేస్తుంది" అనేది మా అత్త. అంటూ నా వంక చూసేది. ఆ చూపుకి నేను తల దించుకునేదాన్ని.

మా అత్త పొట్టి మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా. పొగడడం రాదు, తిట్టడం వచ్చు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒకసారి తలంటు పోస్తూ నా మెడ వెనక, జుట్టు కింద ఉన్న మచ్చ దగ్గర వేళ్ళు ఆపింది.

"ఇదేంటే?"

"చిన్నప్పుడు కామెర్లొస్తే వాత పెట్టించారంట అత్తా."

"కామెర్లకా?"

"అమ్మ అట్టాగే చెప్పింది."

గబగబా నీళ్ళు పోసేసింది. కళ్ళలో కుంకుడు పులుసు పడి ఏడ్చాను. ఆ ఏడుపులో ఆ ప్రశ్న మర్చిపోయాను.

మొదటి కానుపుకి పుట్టింటికి వెళ్ళాను. ఆడపిల్ల. అయిదో నెలలో పిల్లనెత్తుకుని మళ్ళీ పెదన వచ్చాను. వచ్చిన రోజు చీకటి పడగానే మా అత్త పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని తన పక్కలో వేసుకుంది. ముసలావిడ ముచ్చట పడుతోందనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పిల్ల ఏడిస్తే తెచ్చి ఇచ్చేది. నేను పడుకుని పాలివ్వడానికి లేదు. గోడకి ఆనుకుని కూర్చుని ఇవ్వాలి. ఇచ్చినంతసేపూ ఎదురుగా కూర్చునేది. పిల్ల నోరు తియ్యగానే ఎత్తుకుపోయేది. వీధిలో బాలింతలందరూ పిల్లల్ని పొట్టకి కరుచుకుని పడుకునేవాళ్ళు. నా పిల్ల మూడు బారల దూరంలో ఇంకొకరి పక్కలో.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నా పిల్లని నా పక్కలో ఎందుకెయ్యవు అత్తా?"

"నీది మొద్దు నిద్ర. పిల్ల మీద పడతావు."

"లోకంలో తల్లులందరూ పడుతున్నారా?"

"లోకంలో తల్లులతో నాకేం పని? వాళ్ళు నా కోడళ్ళా?"

నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఈవిడకి నా పక్క సంగతి తెలిసిపోయింది. అసహ్యపడుతోంది. ఉచ్చ పక్కలో నా మనవరాలెందుకని తీసేసుకుంటోంది. అప్పట్నుంచి ఆవిడ ఎదురుగా అన్నం తినడానికి కూడా నాకు సిగ్గేసేది. ఆవిడ పేరు ఎత్తితే మండేది, ఆవిడ కనిపిస్తే కుంచించుకుపోయేదాన్ని. నాకు కావాల్సింది ఒక్కటే. పిల్ల నా పక్కలో పడుకోవాలి. ఆ మాట మళ్ళీ అడగాలంటే తడి సంగతి ఎత్తాలి. అది నా నోటివెంట రాదు.

ఆ రోజుల్లోనే మా ఆయనకి ఒక అచ్చు కనిపించకుండా పోయింది. దుప్పటి అంచుకి వేసే చిన్న తీగ అచ్చు. పాతది, చెక్క మెత్తబడింది. ఇల్లంతా వెతికితే మా అత్త తలకింద పాతబట్టల మూటలో దొరికింది. ఒక పక్క అంచు కొరికేసి ఉంది.

"ఇది నీ తలకిందకి ఎట్టా వచ్చిందమ్మా?"

"ఎలక లాక్కొచ్చిందేమో. నాకేం తెలుసురా."

"ఎలక అచ్చులు కొరుకుతుందా?"

"ఆకలేస్తే నిన్నూ కొరుకుతుంది. వెళ్ళి పని చూసుకో."

ఆయన ఆ పూటే ఎలకల మందు తెచ్చి మూలమూలలా పెట్టాడు. కొరికింది అంచే కదా, కనపడదులే అనుకుని ఆ అచ్చుతోనే కొన్ని దుప్పట్లు కూడా వేశాడు. తీగ పారుతూ పారుతూ ప్రతిసారీ ఒకే చోట ఆకు లేకుండా పోయింది. అవి బందరు కొట్టుకి పోయి అమ్ముడైపోయాయి. తర్వాత చూస్తే అచ్చు మళ్ళీ లేదు.

ఇట్టా ఉండగా ఒకరోజు పొద్దున లేచేసరికి నా ఎడమ భుజం కదలలేదు. తడి గుడ్డ కాలవలోంచి ఎత్తబోతే ప్రాణం పోయినంత పనైంది. పని ఆగిపోతుందని మా ఆయన రైలెక్కించి బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ ఒక కుర్ర డాక్టరున్నాడు. గుడివాడ వైపు మనిషంట. భుజం సరిచేసి కట్టు కట్టాడు. అంతటితో పంపించేస్తాడనుకున్నాను. "నాలుక చాపమ్మా" అన్నాడు. భుజం నొప్పికి నాలుకెందుకో నాకు తెలియలేదు. చాపాను. అంచు చూశాడు. పాత మచ్చలున్నాయి, కొత్త పుండుంది.

"రాత్రి పక్క తడుస్తుందా?"

తలుపు తీసే ఉంది. బయట బల్ల మీద జనం. పక్కన మా ఆయన.

"లేదండీ" అన్నాను.

మా ఆయన కోపంగా, "ఏం మాటలండీ అవి?" అన్నాడు.

డాక్టరు ఆయనకేసి చూడలేదు. "ఇది మూర్ఛ అనుకుంటున్నానమ్మా. నిద్రలో మాత్రమే వచ్చే రకం. పగలు మనిషి నిక్షేపంగా ఉంటుంది. నిద్రలో వస్తుంది, పోతుంది. వచ్చినట్టు వాళ్ళకే తెలియదు. నేను దీని మీదే పై చదువు చదువుతున్నాను. నిద్రలోనే ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. చూసినవాళ్ళు చెప్పాలి" అన్నాడు.

మూర్ఛ అన్న మాట విని నేను చచ్చిపోయాననుకున్నాను. నాగాయలంక సంతలో ఒకతను పడిపోయేవాడు, నేను చిన్నప్పుడు చూశాను. జనం దూరంగా జరిగిపోయి, ఎవరో తాళాలగుత్తి అతని మీదకి విసిరేవాళ్ళు. అతను తాగిన గ్లాసు విడిగా బోర్లించేవాళ్ళు. పిల్లలం అతని వెనక చేతులు వంకర్లు తిప్పుకుంటూ నడిచేవాళ్ళం. నేనూ నడిచాను.

"పసిపిల్ల ఉందా? ఎవరి పక్కలో పడుకుంటుంది?" డాక్టరు అడుగుతున్నాడు.

"మా అమ్మ దగ్గరండీ. పసిదాన్ని దీని పక్కలో వెయ్యనివ్వదు" అన్నాడు మా ఆయన, అదేదో మా అత్త తప్పయినట్టు.

డాక్టరు తల ఎత్తాడు. "అట్టా చెయ్యమని ఆవిడకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"అయితే ఈసారి ఆవిడ్ని తీసుకురండి."

రైల్లో తిరిగొచ్చేటప్పుడు కిటికీలోంచి వరి చేలు చూస్తూ కూర్చున్నాను. మా ఆయన ఒకే ఒక్కసారి, "నిజంగా తడుస్తుందా?" అని మెల్లిగా అడిగాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అదే జవాబనుకున్నాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు మా అత్త వచ్చింది. పిల్లని నా ఒళ్ళో పెట్టి, తను చిన్న మూట చంకన పెట్టుకుంది. ఆరోజు డాక్టరు వరండాలోనే కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. చుట్టూ రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు.

"నిద్రలో ఏం జరుగుతుందో మీరు చూశారామ్మా?"

"చూడకేం బాబూ."

"ఏం చూశారో చెప్పండి."

"నోటితో చెప్తే మీకేం తెలుస్తుంది? చూడండి" అని మా అత్త చెంగు బొడ్లో దోపి, ఎదురుగా ఉన్న బల్ల మీదవాళ్ళని "కాస్త లెగండయ్యా" అని లేపి, దాని మీద వెల్లకిలా పడుకుంది.

నేను "అత్తా వద్దు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ముందు ఒక అరుపు అరిచింది. దూడని కట్టేసి పాలు పిండుకుంటుంటే అరుస్తుందే, అట్టాంటి అరుపు. తర్వాత మెడ ఎడమకి తిప్పింది. కళ్ళు కూడా అటే పోయాయి. ఎడమ చెయ్యి మడిచి పిడికిలి బిగించింది. కొయ్య అయిపోయింది. ఆ తర్వాత ఆ చెయ్యి ఎగరడం మొదలైంది, తర్వాత కుడిది, తర్వాత కాళ్ళు. బల్ల టకటకా కొట్టుకుంది. నోట్లోంచి ఉమ్ము తెప్పించి పెదవుల మీద బుడగలు చేసింది. చివరికి అన్నీ వదిలేసి, నోరు తెరిచి, గుర్రుమని గురక పెట్టింది.

వరండాలో ఒకావిడ "అమ్మో దయ్యం" అని లేచి నిలబడింది. ఒక ముసలాయన, "భలే కడుతోందిరా వేషం!" అన్నాడు. పిల్లలు నవ్వారు. వాళ్ళని చూసి పెద్దవాళ్ళూ నవ్వారు.

అది మా అత్త కాదు, నేను. నా ఒళ్ళు అట్టా చేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అందరి మొహాలూ అందరికీ తెలుసు, నిద్రలో నా మొహం ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఇప్పుడు బందరు జనమంతా చూశారు. పిల్లని మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

డాక్టరు మాత్రం నవ్వలేదు. కుర్చీలోంచి ముందుకి వంగిపోయాడు. "ముందు ఎడమ చెయ్యేనా? గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"ఎడమే బాబూ. మెడా అటే."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"అప్పుడు మీరేం చేస్తారు?"

మా అత్త లేచి కూర్చుని జుట్టు సవరించుకుంది. "చేతిలో తాళంచెవి పెడతాను. నోట్లో ఇది పెడతాను" అని మూట విప్పి తీగ అచ్చు తీసింది.

డాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. చెక్కలోకి పళ్ళు దిగిన గుర్తులు. మా ఆయన వంగి చూసి, "ఎలక కదమ్మా కొరికింది?" అన్నాడు.

"ఎలకే రా. అదుగో, పిల్లనెత్తుకుని కూర్చుంది."

ఈసారి వరండా అంతా ఘొల్లున నవ్వింది. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు నా చెవుల్లో ఉంది. అచ్చు ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళ చేతిలోకి పోయింది. ఒకతను వేలు పెట్టి పళ్ళు లెక్కపెడుతున్నాడు. నాకు ఆ దుప్పట్లు గుర్తొచ్చాయి. ఎవరెవరి మంచాల మీదో నా పళ్ళ గుర్తు పరిచి ఉంది.

డాక్టరు మా అత్త మీద కోప్పడ్డాడు. "నోట్లో ఏదీ పెట్టకూడదమ్మా. పళ్ళు విరిగి గొంతులోకి పోతే ఊపిరాగుతుంది. ఈ తాళంచెవితో పని లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, అది ఆగేదాకా దగ్గరుండండి. చాలు."

నాకు ముందు పన్ను ఒకటి అంచు విరిగి ఉంది. బియ్యంలో రాయి కొరికానని అనుకుంటూ ఉండేదాన్ని. మా అత్త నా నోటికేసి చూసింది. ఆవిడ మొహం అంత చిన్నదైపోవడం నేను చూడటం అదే మొదటిసారి. అంత గొంతున్న మనిషి మెల్లగా, "నాలుక తెగుతుందని పెట్టాను బాబూ" అంది.

డాక్టరు మెత్తబడ్డాడు. మద్రాసులో ఒక మిషనుందని చెప్పాడు. తలకి తీగలు పెడితే మెదడులో నడిచే సన్నటి కరెంటుని కాగితం మీద గీతలుగా గీస్తుందంట. మెలకువలో ఒక రకం గీతలు, నిద్రలో ఒక రకం, మూర్ఛ వచ్చినప్పుడు ఇంకో రకం.

"నిద్రలో కూడా గీస్తుందా? నిద్రపోతే తలకాయ ఖాళీయే కదా" అంది మా అత్త.

"కాదమ్మా. మనం పడుకుంటాం గానీ మెదడు పడుకోదు. దాని పని మారుతుందంతే. ఆ మార్పులో కొందరికి ఒక చోట కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఎడమ చెయ్యి ముందు కదిలిందంటే ఈమెకి కుడివైపు మెదడులో మొదలవుతుందన్నమాట. మనిషి మీద ఏదీ పూనడం కాదు."

"మా వీధిలో దీపాలు కొట్టుకున్నట్టు."

"అట్టాగే అనుకోండి."

నాకు అప్పటికి 'అ' రాయడం రాదు. నా తలకాయ మాత్రం రాత్రంతా ఏవో గీతలు గీస్తుందంట, వాటిని చదివే చదువు కూడా ఉందంట. అది విని నేను గొప్పగా అనుకోలేదు. అవి ఎవరైనా చదివితే ఇంకేం బయటపడతాయో అని భయపడ్డాను. మద్రాసు వెళ్ళే స్తోమత ఎటూ లేదు. తెల్ల మాత్రలు రాసిచ్చాడు. ఒక్కరోజు కూడా మానకూడదన్నాడు, నిద్ర చెడగొట్టుకోకూడదన్నాడు, నిద్ర చెడితే ఇంకా వస్తాయన్నాడు. పిల్ల సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. మా అత్తే అడిగింది.

"పసిదాన్ని ఎప్పుడు పక్కలో వేసుకోవచ్చు బాబూ?"

"మాత్రలు పనిచేసి, రాకుండా కొన్నాళ్ళు గడవనివ్వండి. అప్పుడైనా కొత్తలో మీరు దగ్గరుండండి."

రైలు పెట్టెలో జనం తక్కువ. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను అడిగాను.

"ఎప్పట్నుంచి తెలుసు అత్తా?"

"నీకు తలంటు పోసినప్పట్నుంచి. కామెర్లకి మణికట్టు మీద పెడతారే వాత. మెడ మీద దేనికి పెడతారో నాకు తెలియదా? ఆ రాత్రి నుంచి కాపు కాశాను. ఎన్నో రోజులు పట్టలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ఏడుస్తావు. ఏడిస్తే పక్కింట్లో వినపడుతుంది. పక్కింట్లో వినపడితే నా కూతురితో సంబంధం ఎవడు కలుపుకుంటాడు?" అంది. నా ఆడపడుచుకి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు.

"అయితే నా కోసం కాదన్నమాట."

"నీ కోసమే అని చెప్తే నమ్ముతావా?"

ఇప్పటికీ నాకు జవాబు తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. పుట్టింటికి పంపెయ్యొచ్చు, పంపలేదు. మోసం చేసి పిల్లనిచ్చారని మా అమ్మని నిలదియ్యొచ్చు, అదీ చెయ్యలేదు. నేను కాలవలో చాప జాడించి తెచ్చే ప్రతి పొద్దునా ఆవిడ కళ్ళు మూసుకుని పడుకున్నది నా సిగ్గు కాయడానికని నాకు ఆ రైల్లో తెలిసింది. తెలిశాక సిగ్గు తగ్గుతుందనుకుంటారు. ఎక్కువైంది. అన్నాళ్ళూ ఎవరూ చూడలేదన్న ధైర్యమైనా ఉండేది.

మాత్రలు మొదట్లో నన్ను మత్తులో ముంచాయి. పాలు కాగుతుంటే కూర్చున్న చోటే తూలేదాన్ని. తర్వాత అలవాటైంది. మధ్యలో ఒకటి రెండుసార్లు వచ్చింది. అప్పుడు చాప జాడించడానికి నేను లేచేసరికి మా అత్త కూడా లేచి, రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి కాలవకి పోయాం. ఆ తర్వాత రెండు మూడు నెలలు పొడిగానే గడిచాయి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం. గుడ్డలు ఆరబెట్టి వచ్చాం. మా ఆయన అచ్చుల బల్ల దగ్గర చప్పుడు చేస్తున్నాడు. మా అత్త పిల్లని తెచ్చి నా చాప మీద పడేసింది. పిల్ల అప్పటికి పాకుతోంది.

"పక్కలో వేసుకో" అంది.

అన్నాళ్ళు ఏ మాట కోసం కాచుకున్నానో ఆ మాట. పిల్లని ఒళ్ళోకి తీసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"కూర్చున్నావేంటే? పడుకో."

"నాకు భయమేస్తోంది అత్తా. తీసుకుపో."

"నిన్నటిదాకా ఇవ్వలేదని ఏడ్చావు. ఇస్తే తీసుకుపొమ్మంటావా? నిద్ర మానితే వస్తుందన్నాడుగా ఆయన. పడుకో. నేనెక్కడికీ పోను."

పడుకున్నాను. పిల్ల నా పొట్టలోకి దూరి, నా పుస్తెలతాడు పట్టుకుని ఆడి ఆడి నిద్రపోయింది. అవతల పక్క మా అత్త విసనకర్ర పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూతపడకూడదని చాలాసేపు పట్టుదలగా ఉన్నాను. ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ రాగానే చెయ్యి చాప మీదకే పోయింది, అలవాటు. తడి. లేచి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది. నాలుక తడుముకున్నాను. పుండు లేదు. నా చీర పొడిగా ఉంది.

మా అత్త విసురుతూనే ఉంది. "నీది కాదులే, దాని ఉచ్చ" అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పసిపిల్ల పక్క తడిపితే సిగ్గుపడాల్సిందేముంది? అయినా పక్కింటావిడ లేచి వాకిట్లోకి రాకముందే, పిల్లని మా అత్త ఒళ్ళో పెట్టి, చాప చుట్టుకుని, ఆ ఎండలోనే కాలవకి పోయాను.